సౌండ్‌బోర్డ్ టేపు శుభ్రంగా ఉండగా జనం గోల రికార్డింగులు ఎందుకు వింటారు?

లాసన్స్‌బే_లిజనర్
ఈమధ్యే గ్రేట్‌ఫుల్ డెడ్ అనే అమెరికా రాక్ బ్యాండ్ పిచ్చి పట్టింది. స్టూడియో ఆల్బమ్‌లు వింటే పర్వాలేదు అనిపించింది, అంతే. "అవి కాదు, లైవ్ వినాలి" అని ఇక్కడే ఎవరో అంటే ఆర్కైవ్ డాట్ ఆర్గ్‌లోకి వెళ్ళాను. వెళ్ళాక బయటికి దారి కనబడటం లేదు. 1977 మే 8 కార్నెల్ షో ఒక్కదానికే బోలెడు వెర్షన్లు. ఒకటి సౌండ్‌బోర్డ్ (మిక్సర్ నుంచి నేరుగా తీసినది) అంటాడు, ఒకటి ఆడియన్స్ (జనంలో మైకు పెట్టి తీసినది) అంటాడు, ఇంకోటి మ్యాట్రిక్స్ అంటాడు. సౌండ్‌బోర్డ్ చక్కగా ఉంది, ప్రతి వాయిద్యం విడిగా వినబడుతోంది. ఆడియన్స్‌ది పెడితే ఎవడో దగ్గుతున్నాడు, ఇంకెవడో పాట పేరు చెప్పి అరుస్తున్నాడు, బేస్ అంతా బొయ్యిమంటోంది. కింద కామెంట్లలో మాత్రం "అసలైన అనుభవం ఇదే" అని ఫైవ్ స్టార్లు. నిజంగానే వింటారా బాబూ, లేక బిల్డప్పా?

మురీమిక్చర్
బిల్డప్పే. తర్వాతి ప్రశ్న.

పాతక్యాసెట్
మురీమిక్చర్ మాట పట్టించుకోకు తమ్ముడూ, అతను ఫోన్ స్పీకర్ మీద వింటాడు.

ఒక సంగతి గుర్తుపెట్టుకో. ఇప్పుడంటే నీకు రెండూ పక్కపక్కన కనబడుతున్నాయి. అప్పట్లో సౌండ్‌బోర్డ్ టేపు బయటికి రావడమే గగనం. అభిమానుల చేతికి వచ్చినవి ఎక్కువ అభిమానులు తీసినవే. హాల్లో మైకు స్టాండ్లు ఎంతగా పెరిగిపోయాయంటే, సౌండ్ ఇంజనీరుకే స్టేజీ సరిగ్గా కనబడని పరిస్థితి. అందుకని 1984 అక్టోబర్‌లో రికార్డు చేసేవాళ్ళకి విడిగా టికెట్లిచ్చి, సౌండ్‌బోర్డ్ వెనకాల చోటిచ్చారు. షరతు ఒక్కటే, మార్చుకోండి కానీ అమ్ముకోకండి. ఖాళీ క్యాసెట్లు, తిరుగు పోస్టేజీ పంపిస్తే ముక్కూ మొహం తెలియనివాడు కాపీ చేసి పంపేవాడు. ఆ గోల మీదే ఆ బ్యాండ్ పేరు అన్ని ఊళ్ళకీ పాకింది.

మురీమిక్చర్
ఫోన్ స్పీకర్ కాదు, బ్లూటూత్ స్పీకర్. పరువు తీయకండి మాస్టారూ.

సౌండ్‌మామ
ఈ ఊళ్ళో పెళ్ళి ఆర్కెస్ట్రాల నుంచి కాలేజీ ఫెస్టుల దాకా మిక్సర్ దగ్గర నిలబడి కాళ్ళు అరగదీసుకున్నవాణ్ణి. కాబట్టి నా రెండు మాటలు.

సౌండ్‌బోర్డ్ టేపంటే స్టేజీ మీద జరిగింది జరిగినట్టు అని అందరూ అనుకుంటారు. అస్సలు కాదు. చిన్న హాలు తీసుకోండి. డ్రమ్ములు ఏ స్పీకరూ లేకుండానే చివరి వరస దాకా దద్దరిల్లిపోతాయి. గిటార్ యాంప్ కూడా అంతే. వాటిని నేను స్పీకర్లలోకి కొద్దిగానే వదులుతాను. గొంతు, కీబోర్డ్ మాత్రం బాగా ఎత్తాలి, లేకపోతే వినబడవు. హాల్లో కూర్చున్నవాడికి రెండూ కలిసి సరిగ్గా చేరతాయి. అదే బోర్డు నుంచి పెన్‌డ్రైవ్‌లోకి తీసుకుని ఇంటికెళ్ళి వినండి. సింగర్ మీ చెవిలో నోరు పెట్టి పాడుతుంటాడు, డ్రమ్మరు ఊళ్ళోనే ఉండడు. నా మిక్స్‌లో సగం హాలు చేసింది, ఆ సగం టేపులో లేదు. షో అయ్యాక "అన్నా, పెన్‌డ్రైవ్‌లో ఏమీ లేదేటన్నా" అని కుర్రాళ్ళు నా మీద పడతారు.

స్టేడియం అయితే అన్నీ స్పీకర్లలోంచే రావాలి కాబట్టి బోర్డు టేపు కాస్త నిండుగా ఉంటుంది. హాలు పెరిగేకొద్దీ బోర్డు టేపు మెరుగవుతుంది, ఆడియన్స్ టేపు పాడవుతుంది. మీకు నచ్చింది ఏదన్నది ఆ రాత్రి ఎక్కడ వాయించారన్నదాన్ని బట్టి కూడా ఉంటుంది.

లాసన్స్‌బే_లిజనర్
మరి కార్నెల్ బోర్డు టేపు అంత బాగుందేంటండీ?

డాబాగార్డెన్స్_డెడ్‌హెడ్
ఎందుకంటే అది సౌండ్‌మామ చెప్పిన రకం బోర్డు టేపు కాదు. బెట్టీ క్యాంటర్ జాక్సన్ అనే ఆవిడ టేపు కోసమే విడిగా మిక్స్ చేసింది. హాలుకి వెళ్ళే మిక్స్ వేరు, ఆవిడ హెడ్‌ఫోన్స్ పెట్టుకుని చేసింది వేరు. అందుకే వాటికి బెట్టీ బోర్డులని పేరు పడిపోయింది.

తర్వాత ఆవిడకి డబ్బు ఇబ్బందులు వచ్చాయి, సామాన్లు పెట్టిన స్టోరేజీకి అద్దె కట్టలేకపోయింది. 1986లో ఆ టేపులన్నీ వేలంలో పోయాయి. కొన్నవాళ్ళలో కొందరు సరిగ్గా దాచనూ లేదు, కొన్ని రీళ్ళు తడికి పాడయ్యాయి. అభిమానులే వాటిని వెతికి పట్టుకుని, బాగుచేసి, కాపీలు తీశారు. ఆ కార్నెల్ షోని అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ జాతీయ రికార్డింగుల జాబితాలోకి ఎక్కించింది. బ్యాండ్ తరఫున అధికారికంగా విడుదలైంది మాత్రం 2017లో, నలభై ఏళ్ళు గడిచాక. అప్పటికే ప్రతి డెడ్‌హెడ్ (డెడ్ వీరాభిమాని) దగ్గరా ఉంది, మళ్ళీ కొన్నారు. నేనూ కొన్నాను, ఇంట్లో చెప్పొద్దు.

మురీమిక్చర్
మా బావకి గోడౌను ఉంది. అద్దె ఎగ్గొట్టినవాళ్ళ సామాన్లలో పెళ్ళి వీడియో క్యాసెట్లు తప్ప ఇంతవరకు ఏమీ దొరకలేదు.

గాజువాక_గిటార్
డెడ్, డెడ్ అని ఒకటే జపం. ఒక పాట అరగంట వాయిస్తే లైవ్ అయిపోదు గురూ. లైవ్ అంటే డీప్ పర్పుల్ 'మేడ్ ఇన్ జపాన్'. 1972 ఆగస్టు 15, 16 ఒసాకా, 17 టోక్యో బుడోకాన్. మూడు రాత్రుల్లోంచి ఏరిన పాటలు. ఓవర్‌డబ్బులు (తర్వాత స్టూడియోలో వాయించి కలిపినవి) లేవని బ్యాండ్ వాళ్ళే చెప్పుకున్నారు. ఆ ఆల్బమ్ పెట్టాలని జపాన్ కంపెనీ అడిగితే వీళ్ళకి మొదట ఇష్టమే లేదు. సరే, జపాన్ వరకేలే అనుకుని చేస్తే, అదే వాళ్ళ పేరు చెప్పగానే గుర్తొచ్చేదయింది. మార్టిన్ బర్చ్ రికార్డు చేశాడు, శుభ్రతా ఉంది, జనం అరుపూ ఉంది. దగ్గు వినాల్సిన ఖర్మ ఏం పట్టింది?

శ్రుతిబాక్స్
@గాజువాక_గిటార్ మూడు రాత్రులు ఏరి కుట్టినదాన్ని ఒక కచేరీ అనగలమా అని నా అనుమానం. మంచి ఆల్బమే, కాదనను. కానీ మూడో రాత్రి డ్రమ్మరు మొదటి రాత్రి గిటారిస్టుకి బదులు చెప్పడు కదా.

గాజువాక_గిటార్
ఒక్కో పాట మొత్తం ఒకే రాత్రిది. ముక్కలు అతికించలేదు. మీరు మరీ కోర్టులో వాదించినట్టు మాట్లాడుతున్నారు.

కంచరపాలెం_కీస్
ఏరి కుట్టడం చాలా చిన్న నేరం. థిన్ లిజ్జీ 'లైవ్ అండ్ డేంజరస్' సంగతి చూడండి. ప్రొడ్యూసర్ టోనీ విస్కాంటి అయితే ముప్పావు వంతు స్టూడియోలో మళ్ళీ వాయించిందే అన్నాడు. బ్యాండ్ వాళ్ళు అబ్బే అదేం లేదన్నారు. 1978లో మొదలైన గొడవ ఇంకా తేలలేదు. కిస్ 'అలైవ్!' మీద కూడా ఇదే గోల. అదే ఆడియన్స్ టేపు అయితే ఈ పంచాయితీ ఉండదు. తప్పు వాయిస్తే తప్పే వినబడుతుంది.

లాసన్స్‌బే_లిజనర్
తప్పు వినబడటం మంచిదెలా అయిందండీ?

శ్రుతిబాక్స్
మా తాతగారు విజయనగరం, అనకాపల్లి వైపు ఎక్కడ పౌరాణిక నాటకం జరిగినా స్పూల్ రికార్డర్ సైకిల్ క్యారేజీకి కట్టుకుని బయల్దేరేవారు. మైకు ఎక్కడ పెట్టేవారో తెలుసా, హార్మోనియం పక్కన కాదు, జనంలో, రెండో మూడో వరసలో. ఒక టేపులో ఆయన మిత్రుడి వక్కపలుకు కొరుకుడు కూడా ఉంది.

ఆ టేపుల్లో ఒకటి చెబుతాను. నటుడు పద్యం అందుకుని, చివర రాగం తీసి ఆపాడు. ఒక క్షణం ఏమీ లేదు. తర్వాత వెనక నుంచి ఒక్క గొంతు "వన్స్ మోర్" అంది. అంతే, పందిరి లేచిపోయింది. ఆయన మళ్ళీ ఎత్తుకున్నాడు. అదే పద్యం, అదే రాగం, కానీ ఈసారి మొదటి పాదంలోనే పైస్థాయికి వెళ్ళిపోయాడు, ఎందుకంటే జనం తనతో ఉన్నారని తెలిసిపోయింది. హార్మోనియం ఆయన ఒక అడుగు వెనకబడ్డాడు కూడా. ఇప్పుడు జనాన్ని తీసేసి నటుడి మైకు ఒక్కటే వినిపిస్తే, రెండోసారి ఎందుకంత రెచ్చిపోయాడో మీకు ఎలా తెలుస్తుంది?

డెడ్ అయినా అంతే. వాళ్ళ గిటారిస్టు గార్సియా సోలోలో ఒకచోట జనం ఒక్కసారిగా హోరెత్తిపోతారు, ఆ తర్వాత అతను ఇంకో మెట్టు ఎక్కుతాడు. బోర్డు టేపులో ఆ హోరు ఎక్కడో పక్కవీధిలోంచి వచ్చినట్టు ఉంటుంది, సోలో ఎక్కడం మాత్రం ఉంటుంది. కారణం లేకుండా ఫలితం విన్నట్టు.

సౌండ్‌మామ
ఇది మాత్రం ఒప్పుకోవాలి. ఈమధ్య మేము కూడా జనం కోసం విడిగా రెండు మైకులు స్టేజీ అంచున జనం వైపు తిప్పి పెడుతున్నాం. లేకపోతే టేపు విన్న ఆర్టిస్టు "జనానికి నచ్చలేదా?" అని బెంగపడుతున్నాడు.

గాజువాక_గిటార్
తాతగారి టేపు బావుంది. ఎక్కడైనా పెట్టండి, వింటాం. రాక్ వదిలేసి పద్యాలకి వచ్చామని అడ్మిన్ తిడితే నేను చూసుకుంటా.

ఉక్కునగరం_స్పూల్
శ్రుతిబాక్స్ గారూ, ఆ టేపులు ఇంకా స్పూలు మీదే ఉంటే వెంటనే డిజిటల్ చేయించండి. బీచ్‌కి దగ్గరగా ఉంటే మరీను. ఈ ఊరి గాలిలో ఉప్పు, తేమ రెండూ ఎక్కువ. టేపు అంచుల మీద తెల్లగా పొడిలా కనబడితే అది బూజు, అలాగే మెషీన్‌లో పెడితే హెడ్‌కి అంటుకుని మిగతా టేపులన్నిటికీ పాకుతుంది. హుద్‌హుద్ వచ్చిన 2014లో మా ఇంటి కిటికీ అద్దాలు పోయి వాన లోపలికి కొట్టింది. పై అరలో పెట్టిన క్యాసెట్లు బతికాయి, మంచం కింద అట్టపెట్టెలో ఉన్నవి పోయాయి.

ఇంకోటి, ఎవరికి పడితే వాళ్ళకి ఇవ్వకండి. ఊళ్ళోనే ఒక షాపులో ఇచ్చాను. మంచి ఉద్దేశంతోనే చేశాడు పాపం, హిస్ (టేపు వెనక వచ్చే 'స్స్' మనే చప్పుడు) అంతా తీసేశానండి అన్నాడు. హిస్‌తో పాటు సింబల్స్ కూడా తీసేశాడు. స్టీరియో టేపుని మోనో చేశాడు. హిస్ ఉండనివ్వాలి, అదేం చేదు కాదు.

క్యాసెట్లయితే ఇంట్లోనే చేసుకోవచ్చు. డెక్‌లో హెడ్ పక్కన చిన్న స్క్రూ ఉంటుంది, దాన్ని అజిముత్ స్క్రూ అంటారు. టేపు ఏ మెషీన్ మీద రికార్డయిందో దాని వంపుకి మన హెడ్ వంపు సరిపోవాలి. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని, మోనోలో వింటూ, సన్న స్క్రూడ్రైవర్‌తో వెంట్రుకవాసి తిప్పండి. ఒకచోటికి రాగానే దుప్పటి తీసేసినట్టు హైహ్యాట్ పైకి తేలుతుంది. అక్కడ ఆపేయండి. అదొక్కటి తెలిస్తే సగం "పాడైన" టేపులు పాడవలేదని తెలుస్తుంది.

శ్రుతిబాక్స్
కొన్ని చేయించాను, మిగతావి బీరువాలో సిలికా జెల్ పొట్లాలతో ఉన్నాయి. మీరు చెప్పాక భయం పట్టుకుంది. ఆదివారం తెరుస్తాను.

బీచ్‌రోడ్_బేసిస్ట్
మా బ్యాండ్ ఆర్కే బీచ్ దగ్గర ఓపెన్ స్టేజీ మీద వాయించింది. తమ్ముడు ఫోన్‌తో రికార్డు చేశాడు. డ్రమ్ము దెబ్బ పడ్డ ప్రతిసారీ మిగతా బ్యాండ్ మొత్తం మునిగి, మళ్ళీ తేలుతోంది. పైగా గాలి హోరు. ఏం చేయాలి మామా?

సౌండ్‌మామ
మునిగి తేలడం ఫోన్ చేసే పని. సౌండ్ పెరిగితే అదే తగ్గించేస్తుంది, తగ్గితే పెంచేస్తుంది. ఆ ఆటో లెవెల్ ఆపే రికార్డింగ్ యాప్ వాడండి, లేదా చిన్న హ్యాండీ రికార్డర్ కొనుక్కుని లెవెల్ చేత్తో పెట్టండి. తక్కువలో పెట్టండి, తర్వాత పెంచుకోవచ్చు. పగిలిపోయిన సౌండ్‌ని మాత్రం దేవుడు కూడా అతికించలేడు.

గాలికి ఫోమ్ టోపీ చాలదు. బీచ్ మీద బొచ్చు కవర్ కావాల్సిందే, దాన్ని డెడ్‌క్యాట్ అంటారు. మైకు స్పీకర్ ముందు కాదు, మిక్సర్ దగ్గర తలల కన్నా ఎత్తులో. రెండు మైకులుంటే 17 సెంటీమీటర్ల ఎడం, 110 డిగ్రీల కోణం. ఫ్రెంచి రేడియో వాళ్ళు పెట్టిన పద్ధతి, మనిషి చెవుల ఎడానికి దగ్గరగా ఉంటుంది.

మురీమిక్చర్
డెడ్ బ్యాండ్‌కి డెడ్‌క్యాట్. ఇవాళ్టికి నా వంతు అయిపోయింది.

బీచ్‌రోడ్_బేసిస్ట్
అదే రికార్డింగ్‌లో మా నాలుగో పాట మధ్యలో "మురీ మిక్చరే, మురీ మిక్చర్" అని ఒక గొంతు స్పష్టంగా ఉంది. మా గొంతు కన్నా స్పష్టంగా. అది నువ్వేనా?

మురీమిక్చర్
రాయల్టీ పంపించు.

పాతక్యాసెట్
రికార్డు చేయనిచ్చినవాళ్ళ గురించే మాట్లాడుకున్నాం, కొట్టినవాళ్ళ సంగతి కూడా చెప్పాలి. లెడ్ జెప్పెలిన్ మేనేజర్ పీటర్ గ్రాంట్‌కి టేపు రికార్డరు కనబడితే పూనకమే. 1971లో వాంకూవర్‌లో శబ్దం ఎంతుందో కొలవడానికి వచ్చినవాళ్ళ మీటరునే రికార్డరనుకుని పగలగొట్టించాడని చెబుతారు. అయినా ఆగారా? మైక్ మిల్లర్డ్ అనే ఆయన లాస్ ఏంజలెస్ ఫోరమ్‌కి వీల్‌చైర్‌లో వెళ్ళేవాడు. నడవలేక కాదు, కుర్చీలో నాకమిచి 550 డెక్ దాచడానికి. 1977 జూన్ 21 షో ఆయన తీసిందే. ఆడియన్స్ టేపంటే దగ్గులు, గోల అనుకునేవాళ్ళు అది ఒక్కసారి వినండి. జెప్పెలిన్ డ్రమ్మరు బాన్‌హమ్ కిక్ డ్రమ్ము గుండెల మీద తగులుతుంది.

లాసన్స్‌బే_లిజనర్
వీల్‌చైర్ ఏంటండీ బాబూ, సినిమాలా ఉంది.

లా_పాయింట్
మన దగ్గరైతే కాపీరైట్ చట్టం సెక్షన్ 39 ప్రకారం సొంతంగా వినడానికి చేసుకున్న రికార్డింగ్ ప్రదర్శకుడి హక్కుని ఉల్లంఘించినట్టు కాదు. పాట రాసినవాడి హక్కు వేరే సంగతి, టికెట్ వెనక రాసే షరతులు ఇంకో సంగతి. నెట్‌లో పెడితే అది "సొంతానికి" కాదు. బీచ్‌రోడ్_బేసిస్ట్ తమ్ముడు మాత్రం నిశ్చింతగా ఉండొచ్చు.

కంచరపాలెం_కీస్
అడ్డుకోవడం కన్నా పెర్ల్ జామ్ చేసిన పని తెలివైనది. 2000లో యూరప్ టూరులో షోలన్నీ వాళ్ళే రికార్డు చేసి, ఒక్కో షో ఒక్కో ఆల్బమ్‌గా ఒకేరోజు పాతిక విడుదల చేశారు. దొంగ సీడీ కొనే అవసరమే లేకుండా చేశారు.

ఎర్రమట్టిదిబ్బ
పాతిక ఆల్బమ్‌లు, అవే పాటలు. ఇదీ నాకు ఎక్కనిది. డెడ్ వాళ్ళ 1972 యూరప్ టూరు మొత్తం 73 సీడీల పెట్టెగా వేస్తే 7,200 పెట్టెలూ నాలుగు రోజుల్లో అయిపోయాయట. అన్ని రాత్రులూ వరసగా వినే తీరిక ఎవరికుంది? సేకరించడం వేరు, వినడం వేరు. ఈ థ్రెడ్‌లో సగం మంది మొదటి రకం అని నా గట్టి నమ్మకం.

డాబాగార్డెన్స్_డెడ్‌హెడ్
ఆ పెట్టె నా దగ్గర లేదు కాబట్టి నేను రెండో రకం. ఉండి ఉంటే ఏమయ్యేదో చెప్పలేను.

కానీ అవే పాటలు అనకండి. 'డార్క్ స్టార్' సింగిల్‌గా వచ్చినప్పుడు మూడు నిమిషాలు కూడా లేదు. 1969 'లైవ్/డెడ్'లో ఇరవై మూడు నిమిషాలు. 1972 ఆగస్టు 27న వెనీటాలో మండుటెండలో అరగంట పైన. పేరు ఒకటే, లోపల ఏ రెండూ ఒకటి కావు.

ఎర్రమట్టిదిబ్బ
అరగంట ఎండలో నిలబడటం నావల్ల కాదు. మన ఊళ్ళో అయితే మరీను.

అక్కయ్యపాలెం_అక్క
నేను 2007 మార్చిలో ఐరన్ మెయిడెన్ కోసం ప్రశాంతి ఎక్కి బెంగళూరు వెళ్ళాను, ప్యాలెస్ గ్రౌండ్స్. ఇంట్లో కజిన్ పెళ్ళి చూపులని చెప్పాను. మా గుంపులో ఒక అబ్బాయి జేబులో చిన్న ఎంపీ3 ప్లేయర్‌తో రికార్డు చేశాడు. క్వాలిటీ దరిద్రం. బేస్ లేదు, గిటార్ రేకు డబ్బాలా ఉంది. గిటార్ రాగాన్ని వేలమంది మాటల్లేకుండా పాడటం మాత్రం దాంట్లో ఉంది, ఆ వేలమందిలో మా గొంతు అన్నిటికన్నా పైన ఉంది, ఎందుకంటే మైకు మా పక్కనే. మెయిడెన్ లైవ్ ఆల్బమ్‌లు ఎన్నో ఉన్నాయి, 'లైవ్ ఆఫ్టర్ డెత్' నాకు ప్రాణం. అయినా ఈ రేకు డబ్బా ఫైల్‌ని ఫోన్ మారినప్పుడల్లా కాపీ చేసుకుంటాను.

మొదట అడిగిన తమ్ముడికి, నువ్వు విన్న ఆ దగ్గిన మనిషి కూడా ఎక్కడో ఆ టేపు వింటూ "ఇది నేనే" అనుకుంటూ ఉంటాడు.

గాజువాక_గిటార్
అక్కా ఆ ఫైల్ పంపండి! నేను అప్పుడు టెన్త్, ఇంట్లో వెళ్ళనివ్వలేదు. ఇప్పటికీ మంటే.

అక్కయ్యపాలెం_అక్క
సెక్షన్ 39 ఆయన చూస్తున్నాడు, మెసేజ్‌లో పంపుతా.

లా_పాయింట్
నేను ఏమీ చూడలేదు.

కంచరపాలెం_కీస్
మన దేశపు బ్యాండ్ల గురించి ఎవరూ అనలేదు. ఇండియన్ ఓషన్ 'డెజర్ట్ రెయిన్' 1997లో ఢిల్లీలో ఆరుబయట వాయించిన కచేరీయే. స్టూడియోలో చేసినది కాదు. ఆ పాటలు తర్వాత వేరేచోట్ల ఎన్ని వెర్షన్లు విన్నా ఆ చలికాలం రాత్రిదే ముందు గుర్తొస్తుంది.

లాసన్స్‌బే_లిజనర్
సరే, రెండూ ఉండాలంటారు. మరి మ్యాట్రిక్స్ అంటే రెండూ కలిపిందేనా? అయితే అదొక్కటి వింటే సరిపోదా?

సౌండ్‌మామ
కలపడమే, కానీ కలిపినంత తేలిక కాదు. శబ్దం సెకనుకి 340 మీటర్లు పోతుంది. మైకు స్పీకర్లకి 34 మీటర్ల దూరంలో ఉంటే ఆడియన్స్ టేపు బోర్డు టేపు కన్నా సెకనులో పదో వంతు వెనక ఉంటుంది. అలాగే కలిపితే ప్రతి డ్రమ్ము దెబ్బా రెండుసార్లు పడుతుంది. అది జరిపి సరిచేసినా, రెండు మెషీన్ల వేగం ఎప్పుడూ అచ్చుగుద్దినట్టు ఒకటి కాదు. పాట మొదట్లో కలిసింది, పది నిమిషాలకి విడిపోతుంది. మధ్యలో ఒకడు క్యాసెట్ తిప్పుతాడు, తొంభై నిమిషాల క్యాసెట్‌లో ఒక్కో వైపు నలభై ఐదే కదా, అక్కడ గండి. ఇదంతా ఓపిగ్గా కూర్చుని అతికించినవాళ్ళు చేసిన మ్యాట్రిక్స్ అద్భుతంగా ఉంటుంది. లేనివాళ్ళది బావిలోంచి వచ్చినట్టు ఉంటుంది.

పాతక్యాసెట్
వినే పద్ధతి ఒకటి చెబుతాను. ఒకే పాట, ముందు బోర్డు టేపులో విను, ఎవరు ఏం వాయిస్తున్నారో తెలుసుకో. తర్వాత ఆడియన్స్‌ది హెడ్‌ఫోన్స్‌లో కాదు, గదిలో స్పీకర్ల మీద, కాస్త సౌండ్ పెంచి విను. హెడ్‌ఫోన్స్‌లో దగ్గు చెవిలో గుచ్చుకుంటుంది. గదిలో అయితే రెండు పాటలకి చెవి సర్దుకుంటుంది, హాలు కనబడటం మొదలవుతుంది.

డెడ్ 1974 షోలు వినేటప్పుడు గొంతు పీలగా ఉంటే కంగారుపడకు. ఆ ఏడాది 'వాల్ ఆఫ్ సౌండ్' అని స్పీకర్ల గోడంతా వాళ్ళ వీపు వెనకే కట్టారు. మైకుల్లోకి ఆ గోడ సౌండ్ దూరకుండా ఒక్కొక్కరికి రెండేసి మైకులు ఎదురు ఫేజులో కలిపారు. రెండిట్లోకీ సమానంగా వచ్చిన సౌండ్ కొట్టుకుపోతుంది, ఒకదాని దగ్గరే పాడిన గొంతు మిగులుతుంది. తెలివైన పనే, గొంతు కొంచెం సన్నబడింది.

లాసన్స్‌బే_లిజనర్
నిన్న రాత్రి మీరు చెప్పినట్టే స్పీకర్ల మీద పెట్టాను. దగ్గు ఇంకా చిరాకే. కానీ ఒక పాటలోంచి ఇంకో పాటలోకి జారేచోట జనం ముందే పసిగట్టేసి గోల మొదలుపెట్టారు, బోర్డు టేపులో అది నాకు అస్సలు తెలియలేదు. అక్కడ మాత్రం రెండుసార్లు వెనక్కి పెట్టాను. మిగతా షో అంతా బోర్డే వింటాను, ఎవరేమనుకున్నా సరే.

ఒకటే సమస్య. సౌండ్‌బోర్డ్ వాటికి డౌన్‌లోడ్ బటన్ కనబడటం లేదు. ప్రతిసారీ స్ట్రీమింగ్ అంటే నా డేటా సాయంత్రానికే ఖాళీ.

డాబాగార్డెన్స్_డెడ్‌హెడ్
కనబడదు. 2005 చివర్లో బ్యాండ్ వాళ్ళ మాట మీద బోర్డు టేపులు అక్కడ వినడానికి మాత్రమే అని పెట్టేశారు. ఆడియన్స్‌వి అయితే ఫ్లాక్‌తో (నాణ్యత తగ్గని ఫైల్) సహా దించుకోవచ్చు.

మురీమిక్చర్
అంటే డేటా లేనివాడు దగ్గే వినాలి.

శ్రుతిబాక్స్
ఆదివారం బీరువా తెరుస్తున్నాను. ఉక్కునగరం_స్పూల్ గారూ, వీలుంటే మధ్యాహ్నం మా ఇంటికి రండి. భోజనం ఉంటుంది, స్క్రూడ్రైవర్ మీరు తెచ్చుకోండి.

ఉక్కునగరం_స్పూల్
వస్తాను. అప్పటిదాకా మెషీన్ ఆన్ చేయకండి.